తుఫానొచ్చే ముందే ఇల్లు రెడీ చేసుకోవడం ఎలా (చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినా సరే)

మూడు రోజులకి సరిపడా నీళ్ళు, టార్చిలైట్లు, మందులు, చిల్లర నోట్లు ఇంట్లో ఒక మూల పెట్టుకున్నామనుకోండి, చూసినవాళ్ళు అనే మాటలు దాదాపు అందరివీ ఒకటే. "ఏంటి, యుద్ధమేమన్నా వస్తోందా?" అని ఒకరు, "రాసిపెట్టి ఉంటే ఆగుతుందా, పైవాడున్నాడు" అని ఇంకొకరు. పెద్దవాళ్ళయితే "నోటితో అలాంటివి అనకూడదమ్మా, తథాస్తు దేవతలుంటారు" అనేస్తారు. మాది విశాఖపట్నం, ఇక్కడ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా ఊరి మీదకే వచ్చింది. గంటకి దాదాపు 180 కిలోమీటర్ల గాలి, ఎయిర్‌పోర్ట్ పైకప్పు లేచిపోయింది, కొండల మీద చెట్లకి ఆకన్నది లేదు. అయితే జనాన్ని అసలు ఏడిపించింది ఆ ఒక్కరోజు గాలి కాదండీ, తర్వాత రోజులు. కరెంటు లేదు, మోటారు ఆడదు కాబట్టి నీళ్ళు లేవు, సెల్ టవర్లు పడిపోయాయి, ఏటీఎంలు పనిచెయ్యవు, పాల ప్యాకెట్ దొరికితే చాలన్నట్టు, పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల లైన్లు. ఇక్కడ రాసేదంతా ఆ "తర్వాత రోజుల" గురించే, అడవిలో బంకర్ కట్టుకునే సంగతులు కాదు. మామూలు ఫ్లాట్‌లోనో డాబా ఇంట్లోనో ఉండే నలుగురి కుటుంబం మూడు నుంచి ఐదు రోజులు ఎవరి మీదా ఆధారపడకుండా గడపడం ఎలా, ఇంట్లోవాళ్ళతో గొడవ పడకుండా ఇదంతా చెయ్యడం ఎలా, అంతే.

ముందే ఒకటి చెప్పేస్తా, సామాన్లు కొనడం ఈజీ, ఒప్పించడమే కష్టం. "ఎమర్జెన్సీ కిట్" అని పేరు పెట్టి ఎర్ర బ్యాగు కొని గుమ్మం దగ్గర పెడితే అది రెండు నెలలు జోకుగా, ఆ తర్వాత దుమ్ము పట్టిన సంచిగా మిగిలిపోతుంది. నా పద్ధతి ఏంటంటే విడిగా ఏదీ దాచను, రోజూ వాడేదాన్నే కొంచెం ఎక్కువ ఉంచుతా. అప్పుడు అది పాడవదు, ఎవరి కంటికీ వింతగానూ కనపడదు.

స్టెప్ 1: మీ ఇంటికి ఏ గండం ఉందో చూసుకోండి

అందరికీ ఒకే లిస్టు పనికిరాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా సముద్రం పక్కనుంటే తుఫాను, శ్రీకాకుళం వాళ్ళకి 2018 అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ ఇంకా గుర్తే. విజయవాడ సింగ్ నగర్ వైపు వాళ్ళని అడగండి, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి నీళ్ళొస్తే మేడమీద ఉన్నవాళ్ళు కూడా కిందకి దిగలేక, తాగునీళ్ళు పాలు లేక రోజుల తరబడి ఉండిపోయారు, పడవలు వెళ్ళలేని సందుల్లోకి డ్రోన్లతో ఫుడ్ ప్యాకెట్లు వెయ్యాల్సొచ్చింది. అంటే "మాది సెకండ్ ఫ్లోర్, మాకేం కాదు" అన్న మాట సగమే నిజం, ఇంట్లోకి నీళ్ళు రాకపోవచ్చు కానీ మీరు బయటికీ రాలేరు. భద్రాచలం వాళ్ళకయితే లెక్క కంఠతా వచ్చు, గోదావరి 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. హైదరాబాద్ వాళ్ళకి 2020 అక్టోబర్ వాన చూశాక సెల్లార్ పార్కింగ్ అంటే భయం పట్టుకుంది.

ఇవన్నీ ఎప్పుడో వచ్చేవి. ఏ ఇంట్లోనైనా ఏ రాత్రైనా రాగలిగేవి వేరే ఉన్నాయి: గ్యాస్ లీకవడం, నూనె మూకుడు అంటుకోవడం, షాక్, అర్ధరాత్రి పెద్దాయనకి గుండెనొప్పి. అందుకే వాటితోనే మొదలుపెట్టాలి, పైగా వీటిని ఎవరూ "అతి జాగ్రత్త" అని వెక్కిరించరు. ఇంట్లోవాళ్ళని దారిలోకి తెచ్చుకోవడానికి ఇదే మంచి ఎంట్రీ.

స్టెప్ 2: గ్యాసు, నిప్పు, కరెంటు

ఆదివారం పొద్దున్న టిఫిన్ అయ్యాక అందరినీ వంటింట్లోకి పిలవండి. పిల్లలు, అత్తగారు, ఎప్పుడూ స్టవ్ ముట్టుకోని మగవాళ్ళు, అందరూ రావాలి. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ నాబ్ ఎటు తిప్పితే ఆగుతుందో, రెగ్యులేటర్ ఎలా ఊడదీయాలో, తాడుకి వేలాడే ఆ తెల్ల మూత ఎలా బిగించాలో ఒక్కొక్కరి చేత చేయించండి. చూస్తే రాదు, చేతితో చెయ్యాల్సిందే. ఆ మూతని మనలో చాలామంది సిలిండర్ వచ్చిన రోజే ఎక్కడో పారేస్తాం, అది పారెయ్యడానికి కాదు, రెగ్యులేటర్ తీసినా లోపలి వాల్వ్ లీకవుతుంటే ఆపడానికి ఉన్నది. అలాగే నారింజ రంగు ట్యూబ్ మీద డేట్ ముద్రించి ఉంటుంది, ఐదేళ్ళు దాటితే మార్చెయ్యండి, బాగానే ఉంది కదా అని ఉంచకండి.

రాత్రి లేచేసరికి గ్యాస్ వాసనొస్తే చెయ్యి ముందు స్విచ్చి మీదకే పోతుంది, అలవాటు అది. లైటు వెయ్యకూడదు, వెలుగుతున్నది ఆర్పనూ కూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అసలు వద్దు, ఫ్రిజ్ ప్లగ్ పీకొద్దు. స్విచ్చిలో వచ్చే చిన్న మెరుపు చాలు అంటుకోడానికి. వంట గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి నేలకి దగ్గరగా పరుచుకుంటుంది, అందుకని కిటికీలతో పాటు తలుపులు బార్లా తెరవాలి, నాబ్ ఆపాలి, అందరూ బయటికొచ్చి అక్కడ్నుంచి 1906కి ఫోన్ చెయ్యాలి. ఇది దేశమంతా గ్యాస్ లీక్ నంబరే, ఏ కంపెనీ సిలిండరయినా.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకండి, మంట సీలింగ్ దాకా లేస్తుంది. స్టవ్ ఆపి మూత పెట్టి వదిలెయ్యండి, వెంటనే మూత తీసి చూడొద్దు. కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలి. ఈలోపు పక్కింటావిడ పేస్టు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది, ఇంకొకరు ఇంకు అంటారు, నెయ్యి అంటారు. అవేవీ రాయనివ్వకండి, ఆవిడ బాధపడితే తర్వాత కాఫీ ఇచ్చి సర్దిచెప్పుకోవచ్చు.

కరెంటుకి వచ్చేసరికి, మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. బోర్డులో ఎంసీబీలతో పాటు ఆర్‌సీసీబీ ఉందా చూడండి, దాని మీద "టెస్ట్" అన్న చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే కరెంటు పోవాలి. పోలేదంటే అది చచ్చిపోయిందన్నమాట, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఆర్‌సీసీబీ అసలు లేకపోతే పెట్టించుకోండి, షాక్ కొట్టినప్పుడు ప్రాణం నిలబెట్టేది అదే. నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయంటే ప్లగ్ పాయింట్ల దాకా రాకముందే మెయిన్ ఆపాలి, తడి చేత్తో, నీళ్ళలో నిలబడి ముట్టుకోవద్దు.

స్టెప్ 3: నీళ్ళు

తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి నాలుగు లీటర్లు లెక్కేసుకోండి. నలుగురికి మూడు రోజులంటే 48 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు రెండున్నర. ఇంట్లో ఎప్పుడూ మూడు నిండు క్యాన్లు ఉండేలా చూసుకుంటే సరిపోతుంది, ఒకటి ఖాళీ అవగానే తెప్పించాలి, మూడూ అయ్యేదాకా ఆగకూడదు. క్యాన్లు వేసే అబ్బాయికి ఇది వింతేమీ కాదు, ఇంట్లోవాళ్ళకీ కాదు. ఆర్వో ఉంది కదా అనకండి, కరెంటు లేకపోతే అది గోడకున్న డబ్బా.

అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒకటి అడిగి తెలుసుకోవాలి: జనరేటర్‌కి బోరు మోటారు కనెక్షన్ ఉందా? చాలాచోట్ల లిఫ్టుకి, మెట్ల లైట్లకి మాత్రమే ఇచ్చి వదిలేస్తారు, పైన ట్యాంకు ఖాళీ అయ్యాక గానీ ఎవరికీ తెలీదు. మీటింగులో ఈ మాటెత్తితే "ఇప్పుడెందుకండీ ఖర్చు" అంటారు, మినిట్స్‌లో రాయించండి, వచ్చే మీటింగులో మళ్ళీ అడగండి.

వాడుక నీళ్ళకి బకెట్లు, డ్రమ్ములు చాలు, వార్నింగ్ వచ్చినప్పుడు నింపుకుంటే సరి. వరద తర్వాత కుళాయి నీళ్ళు, బావి నీళ్ళు నమ్మొద్దు, తెర్లుతూ మరగాక ఇంకో నిమిషమైనా ఉంచి దించండి. క్లోరిన్ బిళ్ళలు ఉంటే ప్యాకెట్ మీద రాసిన లెక్క ప్రకారం వేసి అరగంట ఆగి తాగాలి.

స్టెప్ 4: తిండి, అత్తగారు

ఇక్కడే గెలిచేది. మా అత్తగారిది విజయనగరం దగ్గర పల్లె. మొదట్లో నేను టార్చిలు, బిస్కెట్లు సర్దుతుంటే "ఏటమ్మా ఇదీ, ఊరు వదిలి పోతున్నావేటి" అనేవారు. నేనేం వాదించలేదు, మీ చిన్నప్పుడు అటక మీద ఏమేం ఉండేవి అని అడిగా. మొదలుపెట్టారు చూడండి, గాదెలో ధాన్యం, ఏడాదికి చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు, జాడీల్లో ఆవకాయ, వడియాలు, వానాకాలానికి ముందే ఎండబెట్టిన కట్టెలు. మరి అదే కదా అత్తయ్యగారూ నేను చేస్తున్నది అంటే "అదీ ఇదీ ఒకటేటి, అది సంసారం" అన్నారు. కానీ ఆ తర్వాత నుంచి ఆ తిండి సామాను బాధ్యత ఆవిడే తీసుకున్నారు, ఇప్పుడు పేలపిండి అయిపోతే నాకన్నా ముందు ఆవిడకి తెలుస్తుంది.

మనవాళ్ళ తిండిలో వండక్కర్లేనివి బోలెడున్నాయి, ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. అటుకులు (నీళ్ళలో తడిపి పెరుగో బెల్లమో), మరమరాలు, వేయించిన శనగపప్పు, పల్లీలు, పేలపిండి, సున్నుండలు, జంతికలు, ఖర్జూరం. పాలపొడి ఒక ప్యాకెట్, పసిపిల్లలుంటే వాళ్ళది ఏది వాడితే అది వారానికి సరిపడా. స్పేర్ సిలిండర్ నిండుగా ఉంటే అన్నం, పచ్చడి, నెయ్యితో ఐదు రోజులు హాయిగా వెళ్ళిపోతుంది. ఇండక్షన్ స్టవ్‌ని మాత్రం లెక్కలో వేసుకోకండి. పెట్రోలు డబ్బాల్లో నింపి ఇంట్లో పెట్టడం రెడీగా ఉండడం కాదు, ఇంకో ప్రమాదాన్ని తెచ్చి పెట్టుకోవడం, బండి ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుంటే చాలు.

స్టెప్ 5: వెలుతురు, ఫోను, డబ్బులు

ఒక్కో గదికీ ఒక చిన్న ఎల్ఈడీ టార్చి, హాల్లో ఒక రీచార్జబుల్ లైటు. కొవ్వొత్తులు తగ్గించండి, ఆ గాలికి కర్టెన్ వెళ్ళి మంట మీద పడడానికి క్షణం పట్టదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు కూడా లెక్క తెలుసుకోవాలి: 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదయితే రెండు మామూలు ఫ్యాన్లు, మూడు నాలుగు బల్బులతో ఆరేడు గంటలు రావచ్చు, పాతదయితే అందులో సగమే. మామూలు ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది, కొత్తది కొనేటప్పుడు ఇది చూసి కొంటే అదే బ్యాటరీ దాదాపు రెట్టింపు వస్తుంది. డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూడడం మర్చిపోకండి.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మామూలు ఫోన్‌ని రెండున్నర సార్ల దాకా నింపుతుంది. సిగ్నల్ లేనప్పుడు ఫోను టవర్ వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది కాబట్టి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూసుకోవాలి, కాల్ కలవకపోయినా ఎస్ఎంఎస్ ఒక్కోసారి వెళ్ళిపోతుంది. ఊరి బయట ఒక మనిషిని పెట్టుకోండి, మాకు హైదరాబాద్‌లో మా పిన్ని. అందరం ఆవిడకే "బాగున్నాం" అని పంపుతాం, అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఆవిడనే అడుగుతారు. లేకపోతే డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ముగ్గురు మన ఫోన్‌కే రింగుల మీద రింగులు కొట్టి ఉన్న చార్జింగ్ కాస్తా అవగొడతారు, వాళ్ళ కంగారు వాళ్ళది, ఏమీ అనలేం.

డబ్బులు: కరెంటు, నెట్ లేకపోతే యూపీఐ లేదు. పది, ఇరవై, యాభై, వంద నోట్లు కలిపి ఐదు వేలదాకా ఒక కవర్లో పెట్టండి. ఐదొందల నోటిస్తే ఆ టైంలో చిల్లర ఎవరూ ఇవ్వరు.

స్టెప్ 6: మందులు, కాయితాలు

బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్ మందులు రెండు వారాలవి ఎప్పుడూ ముందుండాలి, ప్రిస్క్రిప్షన్ ఫోటో ఫోన్లో ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది, పెద్ద ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్ళకి, గ్లాసుడు నీళ్ళలో అంతా వేసెయ్యకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్ళు కరెంటు పోగానే కంగారు పడతారు. వాడుతున్న వయల్ చాలా రకాలు ఫ్రిజ్ బయట, ఎండ తగలకుండా, సుమారు నాలుగు వారాలు ఉంటాయి, మీది ఎంతకాలమో డబ్బా మీద చూడండి, డాక్టర్ని ఒకసారి అడిగి పెట్టుకోండి. తెరవనివాటికి కొత్త కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, నీళ్ళు తగలకుండా కవర్లో చుట్టి అందులో ఉంచి మూత పెడితే బయటికన్నా చల్లగా ఉంటుంది. ఐసు మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే ఇక ఆ మందు పనికిరాదు.

ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, ఇన్సూరెన్స్ పాలసీలు జిప్ కవర్లో వేసి, ఆ కవరు ఇంకో కవర్లో వేసి, మంచం కింద ట్రంకు పెట్టెలో కాకుండా పై అరలో పెట్టండి. డిజీలాకర్‌లో వచ్చేవన్నీ ఎక్కించండి. బండికి ఇన్సూరెన్స్ ఉంటే వరదలో మునిగినప్పుడు స్టార్ట్ చెయ్యొద్దు, ఇంజన్లోకి నీళ్ళు లాగేస్తుంది, క్లెయిమ్ దగ్గర అదే పెద్ద తగాదా అవుతుంది, ముందు ఫోటోలు తీసి తర్వాత తోయించండి.

స్టెప్ 7: వార్నింగ్ వచ్చాక

టీవీలో "పెను తుఫాను" అని ఎర్ర అక్షరాలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి, అందుకే జనం పట్టించుకోవడం మానేశారు. వాతావరణ శాఖ బులెటిన్ చూడండి, పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో వినండి. ఒకటి రెండు అంటే సముద్రంలో ఎక్కడో ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది అంటే మహా ప్రమాద సూచికలు, ఇక బాల్కనీ ఖాళీ చెయ్యాలి. పూలకుండీలు, బట్టల స్టాండు, రేకు ముక్కలు, డిష్ యాంటెన్నా, గాలికి ఇవే వెళ్ళి ఎవరి అద్దానికో తగులుతాయి. ఫోన్లు, పవర్ బ్యాంకులు, లైట్లు చార్జింగ్, డ్రమ్ములు నింపడం, బండ్లు చెట్ల కింద నుంచి తీసేసి, సెల్లార్‌లో నుంచి పైకి తేవడం. పెద్దవాళ్ళని కిటికీలు లేని గదిలోకో, లోపలి హాల్లోకో మార్చండి. రేకుల ఇల్లు, పాకల్లో ఉండేవాళ్ళని షెల్టర్‌కి వెళ్ళమంటే ఆలోచించకుండా వెళ్ళిపోవాలి, సామాను కోసం ఆగడమే చాలామంది ప్రాణాల మీదకి తెచ్చింది.

హుద్‌హుద్ రోజు చాలామందికి అర్థమైన సంగతి, గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఎండ కూడా రావచ్చు. అయిపోయిందని జనం రోడ్డెక్కుతారు. అది తుఫాను కన్ను మన మీద నుంచి వెళ్తుండడం, కాసేపటికి గాలి ఎదురు వైపు నుంచి మొదలవుతుంది. అయిపోయిందని రేడియోలో, మైకులో చెప్పేదాకా గుమ్మం దాటకండి.

తర్వాత రోజు తెగిపడిన తీగలు, నీళ్ళలో పాములు. తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి చెప్పాలి. పాము కరిస్తే పైన గట్టిగా తాడు కట్టడం, కొయ్యడం, మంత్రాలు వద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి గవర్నమెంట్ ఆస్పత్రికి తీసుకుపోవాలి, విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటుంది. 112 (ఏ ఎమర్జెన్సీకైనా), 108 (అంబులెన్స్), 101 (ఫైర్), 1070 (రాష్ట్ర కంట్రోల్ రూమ్), 1077 (జిల్లాది), ఇవి ఫోన్లోనే కాదు, ఫ్రిజ్ తలుపు మీద కూడా రాసి అంటించండి.

స్టెప్ 8: పక్కిళ్ళు

ఇదే అందరూ వదిలేసేది. మన దగ్గర మూడు క్యాన్లున్నాయి, ఎదురింట్లో ముసలావిడ ఒక్కతే ఉంటుంది, కింద వాచ్‌మన్ గదిలో ఇద్దరు చిన్నపిల్లలు. ఆ టైంలో తలుపేసుకుని మనవరకు మనం తాగుతామా? కుదరదు, మన ఊళ్ళల్లో అసలు కుదరదు. కాబట్టి లెక్క వేసేటప్పుడే ఇద్దరు మనుషుల్ని ఎక్కువ వేసుకోండి. నవ్వినవాళ్ళు కూడా టార్చి అడగడానికి వస్తారు, "చెప్పానా లేదా" అనకుండా ఇచ్చెయ్యండి.

దాచుకోవడం, ఎగబడి కొనడం వేరువేరు. తుఫాను రేపనగా షాపులో ఉన్న పాల ప్యాకెట్లన్నీ ఎత్తుకుపోతే తిట్టుకుంటారు, తిట్టాలి కూడా. అదే మామూలు రోజుల్లో నెలకో వస్తువు చొప్పున పెంచుకుంటూ పోతే ఎవరికీ కొరత రాదు, మనం ఆ రోజు లైన్లో నిలబడం కాబట్టి ఆ ప్యాకెట్ ఇంకొకరికి దొరుకుతుంది. మావారి ఫ్రెండ్స్ మా ఇంటిని "కంట్రోల్ రూమ్" అంటారు, అననివ్వండి. వాళ్ళలో ఇద్దరు ఈ మధ్యే పవర్ బ్యాంకు ఏది కొన్నారని అడిగారు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగులకి తోడు ఒక లిస్టు పెట్టండి: ఏ ఫ్లాట్‌లో డాక్టరో నర్సో ఉన్నారు, ఎవరింట్లో మంచానికే పరిమితమైనవాళ్ళున్నారు, నిచ్చెన ఎవరిదగ్గర, పొడవు తాడు ఎవరిదగ్గర. సిలిండర్‌లా ఉండే ఎర్ర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లాబీలో ఉంటే ముల్లు పచ్చ గీత మీదే ఉందా చూసి, పిన్ను లాగి ఎలా వాడాలో వాచ్‌మన్‌కి కూడా నేర్పించండి. నిజంగా అవసరమైనప్పుడు అక్కడుండేది అతనే.

స్టెప్ 9: ఏడాదికి రెండుసార్లు

ఉగాదికి, వినాయక చవితికి ఎలాగూ ఇల్లు దులుపుతాం. ఉగాది తర్వాత ఎండలు, మే తుఫాన్లు. చవితి తర్వాత అక్టోబర్, నవంబర్ తుఫాన్లు, టైము సరిగ్గా కుదురుతుంది. ఆ రోజే టార్చిలు వెలిగించి చూడండి, లీకైన సెల్స్ తీసెయ్యండి, మందుల డేట్లు, ఓఆర్ఎస్ డేట్లు చూడండి, అటుకులు పురుగు పట్టాయేమో చూసి పాతవి ఆ వారం పులిహోర చేసేసి కొత్తవి పొయ్యండి. గ్యాస్ ట్యూబ్ డేటు, ఆర్‌సీసీబీ బటన్, ఇన్వర్టర్ నీళ్ళు. పిల్లలకి నాన్న నంబరు, పిన్ని నంబరు నోటికి వచ్చా అని అడగండి, ఫోన్ చూడకుండా చెప్పాలి. కవర్లో డబ్బుల్లోంచి మధ్యలో ఎవరో కూరగాయలకి తీసే ఉంటారు, మళ్ళీ నింపండి.